లినక్స్ మీద డెస్క్‌టాప్ ప్రోగ్రాముకి టూల్‌కిట్ ఎంచుకోవడం ఎలా: కాటా గది నుంచి మొదలుపెట్టండి

తాడేపల్లిగూడెంలో రైస్ మిల్లు కాటా గది కావచ్చు, భీమవరం పక్కన రొయ్యలు కొనే పాయింట్ కావచ్చు, అంబాజీపేటలో కొబ్బరి కొట్టు కావచ్చు. కంప్యూటర్ చదువుకున్నారని తెలిస్తే చాలు, "ఓ చిన్న ప్రోగ్రాం రాసిపెట్టు బాబూ, చీటీలు వేసుకోడానికి" అని ఎవరో ఒకరు అడుగుతారు. విండోస్ లైసెన్సుకి డబ్బు పెట్టరు కాబట్టి ఆ మిషన్‌లో మీరు ఉబుంటునో డెబియన్‌నో వేస్తారు. ఇక మిగిలింది టూల్‌కిట్. అంటే బటన్లు, పెట్టెలు, పట్టికలు, మెనూలు, అచ్చుకి వెళ్ళే దారి, ఇలా తెర మీద కనిపించే సరంజామా అంతా తయారుగా ఇచ్చే లైబ్రరీ.

ఏది మంచిదని వెతికితే క్యూటీ అనే టూల్‌కిట్ గొప్పదా, జీటీకే అనేది గొప్పదా అని ఏళ్ళ తరబడి కొట్టుకుంటున్నవాళ్ళే కనబడతారు. ఆ గొడవలో మీకు పనికొచ్చే జవాబు దొరకదు, ఎందుకంటే రెండూ మంచివే. మీ ప్రోగ్రాము ఏ టేబుల్ మీద నడవాలో ఆ టేబులే చాలావరకు జవాబు చెబుతుంది.

మొదటి అడుగు: ప్రోగ్రాము నడిచే చోట ఓ పూట కూర్చోండి

కోడ్ జోలికి పోకుండా ఓ కాగితం పట్టుకుని వెళ్ళండి. మిషన్‌లో ర్యామ్ ఎంత, ప్రాసెసర్ ఏ కాలం నాటిది, ప్రింటర్ ఏ రకం, ఇంటర్నెట్ ఉందా లేదా, కరెంటు పోతే యూపీఎస్ ఎంతసేపు ఆగుతుంది, ఇవన్నీ రాసుకోండి. మన వైపు చాలా కొట్లలో ఉండేది 4 జీబీ ర్యామ్ ఉన్న పాత మిషనే. గ్రాఫిక్స్ కార్డు విడిగా ఉండదు.

తర్వాత మనిషిని చూడండి. రొయ్యల పాయింట్ దగ్గరైతే పట్టుబడి తెల్లవారుజామునే మొదలవుతుంది. ట్రేలు వరసగా కాటా మీదికి వస్తుంటాయి. మధ్యలో శాంపిల్ తీసి కిలోకి ఎన్ని రొయ్యలు తూగాయో లెక్కబెడతారు. అదే కౌంటు. 30 కౌంటుకి ఒక ధర, 100 కౌంటుకి ఒక ధర. ఆ హడావిడిలో గుమాస్తా చేతులు తడిగా ఉంటాయి, మౌస్ ముట్టుకోడు. నంబరు కొట్టి ఎంటర్, మళ్ళీ నంబరు కొట్టి ఎంటర్. అకౌంట్స్ ప్యాకేజీలకి అలవాటుపడిన చెయ్యి ఎంటర్ నొక్కితే తర్వాతి పెట్టెలోకి వెళ్ళాలని ఆశిస్తుంది. క్యూటీ, జీటీకే, పైథాన్‌తో వచ్చే టీకే, ఈ మూడు టూల్‌కిట్లలోనూ మామూలుగా ట్యాబ్ కీయే ముందుకు తీసుకెళుతుంది, ఎంటర్ కాదు. ఆ అలవాటు మీరే కల్పించాలి. కాబట్టి కీబోర్డు మీద పూర్తి పట్టు ఇచ్చే టూల్‌కిట్టే మీకు కావాలని ఇక్కడే ఒక గీత గీసేసుకోండి.

ఇంకో ప్రశ్న మరవకండి: ఇదే ప్రోగ్రాము రేపు ఆడిటర్ గారి విండోస్ మిషన్‌లో కూడా నడవాలా? అవుననే జవాబు ఎక్కువసార్లు వస్తుంది. అది రాగానే పోటీలో ఉన్నవాటిలో కొన్ని వెనకబడిపోతాయి.

రెండో అడుగు: తెలుగు పరీక్ష పెట్టండి

ఇంగ్లీషులో రాసిన పోలికలు చదివి టూల్‌కిట్ ఎంచుకుంటే మనకి సరిగ్గా ఇక్కడే దెబ్బ తగులుతుంది. వాళ్ళకి అక్షరం అంటే ఒక గుర్తు పక్కన ఇంకో గుర్తు. మనకి వత్తులు, గుడులు, కొమ్ములు అన్నీ కలిసి ఒక్క అక్షరం అవుతాయి. "స్త్రీ" చూడ్డానికి ఒక్కటే, కానీ యూనికోడ్‌లో అది ఆరు సంకేతాలు: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. ఈ ఆరింటినీ కలిపి ఏ ఆకారం ఎక్కడ పెట్టాలో తేల్చే పనిని షేపింగ్ అంటారు. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ లోకంలో ఆ పని చేసేది ముఖ్యంగా హార్ఫ్‌బజ్ అనే లైబ్రరీ. జీటీకే దాన్ని పాంగో అనే అక్షరాల లైబ్రరీ ద్వారా వాడుకుంటుంది. క్యూటీ, క్రోమియం, ఫైర్‌ఫాక్స్, లిబ్రేఆఫీస్ కూడా దాన్నే నమ్ముకున్నాయి. జావాలో ఓపెన్‌జేడీకే 9వ వెర్షన్ నుంచి అదే వచ్చింది.

టూల్‌కిట్‌లో షేపింగ్ ఉందో లేదో తెలుసుకోవడానికి దాని మాన్యువల్ చదవక్కర్లేదు. ఒక పెట్టె, ఒక లేబుల్, ఒక పట్టిక ఉన్న చిన్న కిటికీ తయారుచేసి అందులో ఇది పెట్టండి: "అంతర్వేది శ్రీ లక్ష్మీనరసింహస్వామి, తూర్పుగోదావరి రాష్ట్ర రహదారి". "క్ష్మీ"లో మ వత్తు క్ష కింద కుదురుగా కూర్చుందా? "ష్ట్ర"లో రెండు వత్తులూ కనబడుతున్నాయా? "ర్వే", "ర్పు" విడిపోయి పొల్లుతో కనబడుతున్నాయా? విడిపోతే ఆ టూల్‌కిట్‌కి అక్కడితో నమస్కారం పెట్టేయండి.

టీకేకి జరిగేది ఇదే. పైథాన్‌తో పాటు వస్తుంది, నేర్చుకోవడం తేలిక, కాలేజీలో అందరికీ ముందు నేర్పేది కూడా పైథాన్ నుంచి టీకేని వాడించే టీకింటరే. కానీ లినక్స్ మీద టీకే 8.6 అక్షరాలను ఎక్స్‌ఎఫ్‌టీ అనే లైబ్రరీ ద్వారా గీస్తుంది, అక్కడ షేపింగ్ లేదు. అదే ప్రోగ్రాము విండోస్‌లో తెలుగు చక్కగా చూపిస్తుంది, ఎందుకంటే అక్కడ ఆ పని ఆపరేటింగ్ సిస్టమే చేసిపెడుతుంది. ఇంట్లో విండోస్ ల్యాప్‌టాప్‌లో చూసుకుని మురిసిపోయి, మిల్లులో ఉబుంటు మీద తెరిస్తే రైతు పేరు ముక్కలు ముక్కలుగా కనబడుతుంది. అంతా ఇంగ్లీషులోనే ఉంటే సరే. తెలుగు కావాలంటే లినక్స్ మీద టీకే వద్దు, ఇందులో మొహమాటం అక్కర్లేదు. ఆటల ప్రోగ్రాములు రాసేవాళ్ళు వాడే డియర్ ఇమ్‌గుయ్ అనే టూల్‌కిట్ కూడా ఈ విషయంలో అంతే.

కనబడటంతో పరీక్ష అయిపోలేదు. టైపు చేసి చూడండి. లినక్స్‌లో తెలుగు టైపింగ్‌కి ఐబస్ గానీ ఎఫ్‌సీఐటీఎక్స్ గానీ ఉంటుంది. ఐబస్‌కి ఎం17ఎన్ ప్యాకేజీ కలిపితే ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టీఎస్, ఐట్రాన్స్ పద్ధతులు వస్తాయి. క్యూటీ వాడేవాళ్ళు ఇక్కడ ఒకటి గమనించండి: పైథాన్ నుంచి క్యూటీని వాడించే లైబ్రరీ పైసైడ్, పైథాన్ ప్యాకేజీలు దింపే సాధనం పిప్. పిప్‌తో దింపిన పైసైడ్‌లో ఐబస్ ప్లగిన్ ఉంటుంది, ఎఫ్‌సీఐటీఎక్స్‌ది ఉండదు. అందుకే మిగతా అన్ని ప్రోగ్రాముల్లో తెలుగు పడుతూ మీ దాంట్లో మాత్రం పడకపోతే మీ కోడ్‌లో వెతుక్కుని టెన్షన్ పడకండి. డెబియన్ వాళ్ళ సొంత ప్యాకేజీ నుంచి క్యూటీ వేసుకోండి, లేదా ఆ మిషన్‌లో ఐబస్ పెట్టండి.

బ్యాక్‌స్పేస్ నొక్కి చూడండి. "స్త్రీ" చివర ఒక్కసారి నొక్కితే దీర్ఘం ఒక్కటే పోతుందా, మొత్తం అక్షరం మాయమవుతుందా? రెండో రకమైతే గుమాస్తా గంటకోసారి మీకు ఫోన్ చేస్తాడు. బాణం కీతో కదిపితే కర్సరు అక్షరం మధ్యలో ఇరుక్కోకూడదు.

ఇక ఎత్తు. కింద వత్తు, పైన గుడి ఉన్న తెలుగు వరసకి ఇంగ్లీషు వరస కన్నా ఎక్కువ జాగా కావాలి. పట్టికలో వరస ఎత్తు ఇన్ని పిక్సెళ్ళని బిగించేస్తే "ష్ట్ర" అడుగు కోసుకుపోతుంది. పెట్టెల కొలతలు చేత్తో పెట్టకుండా, ఫాంటును బట్టి అదే సర్దుకునే లేఅవుట్లు వాడండి. క్యూటీలోనూ జీటీకేలోనూ అవి మొదటి నుంచీ ఉన్నాయి. ఫాంటు ఏదైనా పెట్టుకోవచ్చు, నోటో సాన్స్ తెలుగు, లోహిత్, పోతన, వేమన అన్నీ డెబియన్‌లో దొరుకుతాయి. అయితే ఫాంటు మారిస్తే ఎత్తూ మారుతుంది కాబట్టి చివర్లో మార్చకండి, మొదట్లోనే ఒకటి ఖాయం చేసుకోండి. పనిలో పనిగా లక్షల కామాలు కూడా చూడండి. 1,25,000 అని రావాల్సిన చోట 125,000 అని వస్తే మిల్లు ఓనరు ఒప్పుకోడు. టూల్‌కిట్ ఇవ్వకపోతే పది లైన్ల ఫంక్షన్ మీరే రాసుకోవచ్చు, దానికోసం టూల్‌కిట్ మార్చనక్కర్లేదు.

మూడో అడుగు: లైసెన్స్ ముందే చూసుకోండి

ఓపెన్ సోర్స్ అంటే ఏమైనా చేసుకోవచ్చని చాలామంది అనుకుంటారు. మీరు రాసిన ప్రోగ్రామును సోర్స్ ఇవ్వకుండా పది మిల్లులకి అమ్మాలనుకుంటే ఈ అడుగు దాటవేయకండి.

క్యూటీని నార్వేలో ట్రోల్‌టెక్ అనే కంపెనీ తయారుచేసింది. 1996లో కేడీఈ అనే లినక్స్ డెస్క్‌టాప్ దాని మీదే మొదలైంది. అప్పటి క్యూటీ లైసెన్స్ పూర్తి స్వేచ్ఛ ఇచ్చేది కాదని 1997లో గ్నోమ్ అనే ఇంకో డెస్క్‌టాప్ పుట్టింది, అది జీటీకేని పట్టుకుంది. జీటీకే అంతకుముందు గింప్ అనే బొమ్మల ప్రోగ్రాము కోసం చేసుకున్నది. లినక్స్‌లో ఈనాటికీ రెండు డెస్క్‌టాప్‌లు, రెండు టూల్‌కిట్లు ఉండటానికి మూలం ఒక లైసెన్స్ తగాదా అన్నమాట. తర్వాత క్యూటీ 2000లో జీపీఎల్ (దాన్ని కలిపిన ప్రోగ్రాము ఎవరికిచ్చినా సోర్స్ కూడా ఇవ్వాలనే స్వేచ్ఛా లైసెన్స్) కిందికి, 2009లో 4.5 వెర్షన్‌తో దానికన్నా సడలింపు ఉన్న ఎల్‌జీపీఎల్ కిందికి వచ్చింది కాబట్టి ఆ పాత అభ్యంతరం ఇప్పుడు చెల్లదు. కంపెనీ చేతులు మారుతుందేమో, మూసేస్తారేమో అన్న భయానికీ ఒక విరుగుడు ఉంది. కేడీఈ వాళ్ళకీ క్యూటీ యజమానులకీ 1998 నుంచి ఒప్పందం ఉంది. స్వేచ్ఛా వెర్షన్ విడుదల ఆపేస్తే దాన్ని ఇంకా ఉదారమైన లైసెన్స్ కింద బయటపెట్టే హక్కు కేడీఈ ఫ్రీ క్యూటీ ఫౌండేషన్‌కి ఉంటుంది.

ఎల్‌జీపీఎల్ కింద మీ సోర్స్ దాచుకుని అమ్ముకోవచ్చు. లైబ్రరీని విడిగా ఉంచి, కావాలంటే వాడేవాళ్ళు దాన్ని మార్చుకునేలా వదలాలి, లైసెన్స్ పత్రం జతచెయ్యాలి, లైబ్రరీని మీరు మార్చి ఉంటే ఆ మార్పులు ఇవ్వాలి. జీటీకే కూడా ఎల్‌జీపీఎల్లే. పైథాన్ వాళ్ళు మాత్రం ఇక్కడ జాగ్రత్త. పైక్యూటీ, పైసైడ్ రెండూ చూడ్డానికి కవలపిల్లలే. పైక్యూటీ జీపీఎల్ కింద గానీ, డబ్బు కట్టి కొన్న లైసెన్స్ కింద గానీ వస్తుంది. ఇప్పుడు క్యూటీ కంపెనీయే నడిపే పైసైడ్ ఎల్‌జీపీఎల్ కింద దొరుకుతుంది. అమ్మే ఉద్దేశం ఏమాత్రం ఉన్నా పైసైడ్‌తోనే మొదలుపెట్టండి.

క్యూటీలోనే కొన్ని భాగాలు ఎల్‌జీపీఎల్ కావు. క్యూటీ చార్ట్స్, క్యూటీ వర్చువల్ కీబోర్డ్ జీపీఎల్ లేదా వాణిజ్య లైసెన్స్ కిందే ఉన్నాయి. రొయ్య ధర నెల రోజుల్లో ఎలా పెరిగిందో గ్రాఫ్ గీద్దామని చార్ట్స్ కలిపారంటే ప్రోగ్రాము మొత్తం జీపీఎల్ కిందికి వెళుతుంది. గ్రాఫ్‌కి మ్యాట్‌ప్లాట్‌లిబ్ వాడండి, గొడవ వదిలిపోతుంది.

నాలుగో అడుగు: మిగిలినవాటిని తూచండి

నా మటుకు నేను చెప్పేది సూటిగా: డెల్టాలో కొట్టుకో మిల్లుకో రాసే పనికి, వేరే బలమైన కారణం లేకపోతే, పైసైడ్6తో క్యూటీ విడ్జెట్స్ వాడండి. తెలుగు బాగుంటుంది. విండోస్‌కి అదే కోడ్ వెళుతుంది. అచ్చు, సీరియల్ పోర్టు, డేటాబేస్ అన్నీ ఇంట్లోనే ఉన్నాయి. పట్టికలో లక్ష వరసలున్నా, డేటాని పట్టిక నుంచి విడిగా ఉంచే మోడల్ పద్ధతి వల్ల తెర మీద కనబడే వరసల వరకే గీస్తుంది. పూర్తి పైసైడ్ బరువు ఎక్కువ కాబట్టి ఎసెన్షియల్స్ అనే చిన్న ప్యాకేజీ దింపుకోండి. అందులో లేని భాగం కావాలంటే అప్పుడు చూసుకోవచ్చు. సీరియల్ పోర్టు మాడ్యూలు ఎసెన్షియల్స్‌లో లేదు, ఆడ్‌ఆన్స్ అనే రెండో ప్యాకేజీలో ఉంది కాబట్టి కాటా కోసం దాన్నీ దింపుకోవాలి.

క్యూటీలోనే రెండో దారి క్యూఎంఎల్. ఫోన్ యాప్‌లా జారే తెరలకి అది బాగుంటుంది. పాత మిషన్‌లో, చీటీలు నింపే పనికి అది అవసరం లేదు. విడ్జెట్స్ పాతబడిపోయాయని ఎవరైనా అంటే విని ఊరుకోండి.

జీటీకే ఎప్పుడు? వాడేవాళ్ళు గ్నోమ్ మీదే ఉంటారని, విండోస్ మాట రాదని తెలిసినప్పుడు. అప్పుడు జీటీకే 4, గ్నోమ్ రూపం ఇచ్చే లిబ్‌అద్వైతా లైబ్రరీ కలిస్తే వచ్చే అందం వేరు. 2020 డిసెంబర్‌లో 4.0 వచ్చింది. కొత్తగా మొదలుపెడుతుంటే 3 జోలికి పోవద్దు. పాఠాలు చూసుకునేటప్పుడు తేదీ గమనించండి, ఎందుకంటే పాత పాఠాలన్నీ ట్రీవ్యూతో పట్టిక కట్టిస్తాయి, అది 4.10 నుంచి వదిలేయమన్న జాబితాలోకి వెళ్ళింది. ఇప్పుడు కాలమ్‌వ్యూ నేర్చుకోవాలి. ఇంకొకటి, జీటీకే 4 తెర గీయడానికి గ్రాఫిక్స్ చిప్ మీద ఆధారపడుతుంది. పాత చిప్ ఉన్న మిషన్‌లో నత్తనడక నడిస్తే జీఎస్‌కే రెండరర్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌కి కైరో అని విలువ ఇచ్చి చూడండి.

పాస్కల్ భాషలో ప్రోగ్రాములు కట్టే లాజరస్‌ని కుర్రాళ్ళు పట్టించుకోరు గానీ మన వైపు దానికి చోటు ఉంది. ఫాక్స్‌ప్రో, విజువల్ బేసిక్ 6 రోజుల్లో ప్రోగ్రాములు రాసినవాళ్ళు ఇప్పటికీ ఊళ్ళలో ఉన్నారు. వాళ్ళకి లాజరస్ రెండు రోజుల్లో చేతికి వస్తుంది. ఫారం మీద బటన్ పెట్టు, దాని మీద రెండుసార్లు నొక్కు, కోడ్ రాయి. తయారయ్యేది ఒక్క ఫైలు, 2 జీబీ ర్యామ్‌లోనూ పరిగెడుతుంది. దాని లైబ్రరీ లైసెన్స్‌లో ఒక మినహాయింపు ఉంది, ఆ లైబ్రరీని మీ ప్రోగ్రాములోనే కలిపేసినా మీ సోర్స్ ఇవ్వనక్కర్లేదు. కాకపోతే లినక్స్ మీద అది చాలాకాలంగా జీటీకే 2 మీద నడుస్తోంది, ఆ జీటీకే 2కి కాలం చెల్లింది. ప్రాజెక్టు అమరికల్లో క్యూటీ5 గానీ క్యూటీ6 గానీ ఎంచుకుని కంపైల్ చేయండి.

డబ్ల్యూఎక్స్‌విడ్జెట్స్ అనే టూల్‌కిట్ 1992 నుంచి ఉంది. ఏ సిస్టమ్‌లో ఆ సిస్టమ్ సొంత బటన్లనే చూపిస్తుంది, లినక్స్‌లో అవి జీటీకేవే కాబట్టి తెలుగుకి ఢోకా లేదు. సీ ప్లస్ ప్లస్ వచ్చినవాళ్ళు చూడొచ్చు. జావా స్వింగ్ కూడా పనిచేస్తుంది, అందంగా ఉండదంతే.

వెబ్ పేజీలతో డెస్క్‌టాప్ ప్రోగ్రాము కట్టే ఎలక్ట్రాన్ గురించి అడుగుతారు, ఎందుకంటే వెబ్ పేజీలు చేయడం అందరికీ వచ్చు. తెలుగు అందులో నిక్షేపంగా కనబడుతుంది. కానీ ప్రతి ప్రోగ్రాముతో ఒక క్రోమియం మొత్తం మోసుకొస్తుంది. పది పెట్టెలున్న తూకం చీటీ కోసం 4 జీబీ మిషన్‌లో బ్రౌజర్ మొత్తాన్ని ఎక్కించడం గోంగూర కట్ట కోసం లారీ వేసుకెళ్ళడమే. వెబ్ పద్ధతే కావాలంటే టారీ మేలు, అది లినక్స్‌లో సిస్టమ్‌లో ఉన్న వెబ్‌కిట్ అనే బ్రౌజర్ ఇంజిన్‌నే వాడుకుంటుంది. వెనక భాగం రస్ట్‌లో ఉంటుంది కాబట్టి అది కొంచెం నేర్చుకోవాలి. ఫోన్ యాప్‌లకి వాడే గూగుల్ వాళ్ళ ఫ్లట్టర్‌కి 2022లో 3వ వెర్షన్‌తో లినక్స్ డెస్క్‌టాప్ మద్దతు స్థిరపడింది. ఫోన్‌లోనూ అదే యాప్ కావాలన్నప్పుడు దాన్ని చూడండి, లేకపోతే వద్దు.

ఐదో అడుగు: కాటాని, ప్రింటర్‌ని కలిపి చూడండి

వేబ్రిడ్జ్ అంటే లారీల కాటా, దాని బరువు చూపే ఇండికేటర్ వెనక సాధారణంగా ఒక సీరియల్ పోర్టు ఉంటుంది. అది బరువు అంకెలను ఆగకుండా పంపుతూనే ఉంటుంది. కొత్తవాళ్ళు ఒక లూప్ పెట్టి, అంకె వచ్చేదాకా అక్కడే నిలబడేలా రాస్తారు. కాటా మీద లారీ ఎక్కేదాకా కిటికీ బిగుసుకుపోయి బటన్ నొక్కినా ఉలకదు, పలకదు. టూల్‌కిట్ ఇక్కడ ఏం సాయం చేస్తుందో చూడండి. క్యూటీ సీరియల్‌పోర్ట్‌లో డేటా రాగానే సిగ్నల్ వస్తుంది, దానికి మీ ఫంక్షన్ తగిలిస్తే చాలు. లినక్స్‌లో పోర్టు ఒక ఫైల్‌లా కనబడుతుంది, జీటీకేలో దానికి అడుగున ఉండే జీలిబ్ లైబ్రరీ ద్వారా ఆ ఫైల్ మీద కన్ను వేసి ఉంచమనవచ్చు. ఎక్కడైనా ఒక్కటే నియమం: వేరే థ్రెడ్ పెట్టుకుంటే ఆ థ్రెడ్ నుంచి నేరుగా బటన్నో పెట్టెనో ముట్టుకోకూడదు. ముట్టుకుంటే కొన్నిసార్లు పనిచేస్తుంది, కొన్నిసార్లు ప్రోగ్రాము చచ్చిపోతుంది. ఎందుకు చచ్చిందో మీకు అంతుపట్టదు.

ఇది టూల్‌కిట్‌కి సంబంధించింది కాకపోయినా చెప్పేస్తాను, ఎందుకంటే నింద దాని మీదే పడుతుంది. సీరియల్ పోర్టు తెరుచుకోకపోతే ఆ యూజర్‌ని డయల్‌అవుట్ గ్రూపులో చేర్చి, లాగౌట్ చేసి మళ్ళీ రండి. ఉబుంటు 22.04లో సీహెచ్340 చిప్ ఉన్న చవక యూఎస్‌బీ-సీరియల్ కన్వర్టరు పెట్టగానే పోర్టు కనబడి మాయమవుతుంటే, బ్రెయిలీ పరికరాల కోసం ఉన్న బీఆర్‌ఎల్‌టీటీవై అనే సర్వీసు దాన్ని తనదనుకుని లాగేసుకుందన్నమాట. అక్కడ అంధులెవరూ ఆ మిషన్ వాడకపోతే ఆ ప్యాకేజీ తీసేయండి.

అచ్చు విషయంలో ముందే ఓనరుతో ఒక మాట అనుకోండి. కార్బన్ చీటీలకి డాట్ మ్యాట్రిక్స్ ప్రింటరే వాడతారు. దానికి నేరుగా అక్షరాలు పంపితే టకటకా కొడుతుంది, కానీ దానిలో తెలుగు లేదు. తెలుగు కావాలంటే పేజీని బొమ్మగా మార్చి పంపాలి, అప్పుడు ఒక్క చీటీకి ఎదురుచూడాల్సి వస్తుంది. బయట ట్రాక్టర్లు బారులు తీరి ఉంటే అది కుదరదు. నేను ఇచ్చే సలహా ఇది: "రైతు పేరు, బస్తాలు, తేమ శాతం, తరుగు, నికర తూకం" అనే తెలుగు మాటలన్నీ ఊళ్ళో ప్రెస్సులో ముందే అచ్చేయించి, ప్రోగ్రాము అంకెలు మాత్రం నేరుగా పంపేలా చేయండి. థర్మల్ ప్రింటరైతే ఈ బాధ లేదు. 80 మిల్లీమీటర్ల కాగితం మీద అడ్డంగా 576 చుక్కలు పడతాయి. క్యూటీలో క్యూపెయింటర్‌తో అదే వెడల్పున్న బొమ్మ మీద తెలుగు గీసి పంపితే తెర మీద ఉన్నట్టే పడుతుంది. రోజు చివర పీడీఎఫ్ కావాలంటే క్యూటీలో టెక్స్ట్ డాక్యుమెంట్ నుంచి నేరుగా వస్తుంది, జీటీకేలో పాంగో, కైరోల ద్వారా. విడిగా దొరికే పీడీఎఫ్ లైబ్రరీలు వాడేముందు రెండో అడుగులో చెప్పిన తెలుగు పరీక్ష వాటికీ పెట్టండి, చాలావాటికి షేపింగ్ రాదు.

ఆరో అడుగు: ఒక్క కిటికీ పూర్తిగా కట్టి, అక్కడే వదిలిరండి

మొత్తం ప్రోగ్రాము రాయకండి. అన్నిటికన్నా కష్టమైన ఒక్క కిటికీ రాయండి. తూకం చీటీయే తీసుకోండి: కాటా నుంచి వచ్చే బరువు, లారీ నిండుగా ఉన్నప్పుడు ఒకసారి, ఖాళీగా ఒకసారి, తేమ శాతం, పాత చీటీల పట్టిక, అచ్చు బటన్. ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేస్‌లో కొన్ని వేల ఉత్తుత్తి చీటీలు నింపండి. ధాన్యం కొనుగోలుకి తేమ గరిష్ఠ పరిమితి 17 శాతం కాబట్టి, 17 దాటితే ఆ పెట్టె ఎర్రబడేలా చేయండి. ఇంత చిన్న పనికి టూల్‌కిట్ ఎంత సతాయించిందో అప్పుడు మీకే తెలుస్తుంది.

దాన్ని మిల్లు మిషన్‌లోనే వేసి గుమాస్తా చేతికి ఇచ్చి పక్కన నిలబడండి. ఏం నొక్కాలో చెప్పకండి. చీటీ సగంలో ఉండగా కరెంటు తీసి చూడండి. పూర్తయిన చీటీ పోకూడదు, సగం చీటీ పూర్తయినట్టు కనబడకూడదు. ఇది టూల్‌కిట్ కన్నా మీ డేటాబేస్ పరీక్షే గానీ, తుఫాను రోజుల్లో ఇది మీకు చాలా పనికొస్తుంది.

ఈ దశలో టూల్‌కిట్ మార్చాలనిపిస్తే మార్చేయండి, పోయేది కొద్దిపాటి కోడే. అలా మార్చగలగాలంటే తూకం, తరుగు, ధర లెక్కలన్నీ కిటికీ కోడ్‌లో కలపకుండా వేరే ఫైల్లో ఉంచండి. ఆ ఫైల్లో టూల్‌కిట్ పేరు ఒక్కసారి కూడా కనబడకూడదు.

ఏడో అడుగు: అప్పగించడం

మీ ల్యాప్‌టాప్‌లో కొత్త ఉబుంటు, అక్కడ పాత డెబియన్ ఉంటే, మీ దగ్గర తయారుచేసిన ఫైలు అక్కడ నడవకపోవచ్చు. ప్రోగ్రాములన్నీ ఆధారపడే సిస్టమ్ లైబ్రరీ జీలిబ్‌సీ, కొత్తదాని మీద కట్టింది పాతదాని మీద లేవదు. అందుకే మీ కస్టమర్లలో అందరికన్నా పాత సిస్టమ్ ఏదో అది వర్చువల్ మిషన్‌లో పెట్టుకుని దానిమీదే ప్యాక్ చేయండి. క్యూటీ 6.5 నుంచి ఎక్స్‌సీబీ కర్సర్ అనే చిన్న లైబ్రరీ తప్పనిసరి అయింది. అది లేకపోతే ప్లాట్‌ఫామ్ ప్లగిన్ ఎక్కలేదని పెద్ద ఎర్రర్ వచ్చి కిటికీ తెరుచుకోదు. ఎక్స్11 అనే పాత తెర వ్యవస్థ మీద నడిచే మిషన్లలో దాన్ని ముందే వేసుకోండి.

ప్రోగ్రామును ప్యాక్ చేసి ఇచ్చే పద్ధతుల్లో ఫ్లాట్‌ప్యాక్ శుభ్రమైన దారే గానీ, దానికి కావాల్సిన లైబ్రరీల మూట (రన్‌టైమ్) దింపడానికి మంచి ఇంటర్నెట్ ఉండాలి. పైగా అది ప్రోగ్రామును ఒక గోడ లోపల పెడుతుంది కాబట్టి, కాటా కోసం పరికరాల అనుమతి విడిగా ఇవ్వాలి. లంక గ్రామాల్లో ఫోన్ హాట్‌స్పాట్ మీద నడిచే కొట్లకి అన్నీ ఒకే ఫైల్లో ఉండే ఆప్‌ఇమేజ్ గానీ డెబియన్, ఉబుంటుల ప్యాకేజీ అయిన డెబ్ ఫైలు గానీ పెన్‌డ్రైవ్‌లో పట్టుకెళ్ళడమే సుఖం.

వెళ్ళేముందు సిస్టమ్ తనంతట తాను పెద్ద వెర్షన్‌కి మారకుండా అమరిక చూసుకోండి. డెబియన్ స్థిర వెర్షన్ మీద దాని సొంత క్యూటీ వాడితే భద్రతా సవరణలు అవే వస్తుంటాయి, మీ కిటికీలు చెదరవు. పిప్‌తో తెచ్చుకుంటే పైసైడ్ వెర్షన్ నంబరు బిగించి పెట్టండి. ఏ డిస్ట్రో, ఏ టూల్‌కిట్, ఏ వెర్షన్, డేటాబేస్ ఫైలు ఏ ఫోల్డర్‌లో ఉంది, బ్యాకప్ పెన్‌డ్రైవ్ ఎవరి దగ్గర ఉంది, ఇవన్నీ ఒక కాగితం మీద తెలుగులో రాసి మానిటర్ వెనక టేపుతో అంటించండి. మీకు ఉద్యోగం వచ్చి హైదరాబాద్ వెళ్ళాక ఆ మిషన్ ముందు కూర్చునే కుర్రాడు ముందు చదివేది అదే.